కోదాడ దిక్కు నుంచి వచ్చేవాళ్లు

బొమ్మల కథలు గీసి బతకాలంటే ముందు ఏం నేర్చుకోవాలని మొన్న ఒక అమ్మాయి అడిగింది. ఆమె చేతిలో పలక లాంటి కంప్యూటరు, దాని మీద సిరా అక్కర్లేని కలం. తప్పు గీస్తే వేలితో ఒక్కసారి తాకితే చాలు, మాయమైపోతుందట. మా కాలంలో తప్పు మాయం కావాలంటే సున్నం బస్తా కావలసి వచ్చేది. "ముందు అవతలి కొసకు పోయి, అటు నుంచి నడిచి చూడు తల్లీ" అన్నాను. పెద్దాయనకు వయసు మీదపడింది పాపం అన్నట్టు ఒక చూపు చూసి, నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. ఆ జవాబులో మిగిలిపోయిన భాగం ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగే. నేను గీసే మనుషుల కాళ్లు కూడా అంతే, చెప్పినచోట ఆగవు.

ఎనభైల చివరి మాట. సూర్యాపేటలో బోర్డులు రాసే ఒక షాపులో పనిచేసేవాణ్ణి. షాపు మా ఉస్తాద్‌ది. సన్నగా ఉండి, నెత్తికి తువ్వాల చుట్టుకుంటే అచ్చం తలకట్టు పెట్టిన అక్షరంలాగే కనిపించేవాడు. ఆయనకు అక్షరాల మీద ఉన్న నమ్మకం బొమ్మల మీద లేదు.

"అక్షరం అన్నం బెడతదిరా. బొమ్మ పండ్లికిలిస్తది, గంతే" అనేవాడు.

నాకేమో బొమ్మల పిచ్చి. కోదాడలో లారీల వెనక చిలకలు వేశాను. మిర్యాలగూడ మిల్లుల బియ్యం సంచుల కోసం నెమళ్లు వేశాను. అక్కడ ఒక షావుకారు నా నెమలిని అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, "కోడి మంచిగుంది, జర తోక తగ్గియ్యి" అన్నాడు. తగ్గించాను. ఆ బియ్యం కోడి గుర్తు మీదే బాగా అమ్ముడుపోయాయని విన్నాను. నా కళ ఎప్పుడూ ఇలాగే, నేను అనుకోని దారిలో జనానికి చేరేది.

కానీ నా కోరికల్లా బొమ్మల కథలు గీయాలని. మధ్యాహ్నం భోజనం వేళ స్కేలు పెట్టి కాగితం మీద గడులు గీసుకుని, వాటిలో రాజకుమారులనూ దొంగలనూ కూర్చోబెట్టి, పిల్లల పత్రికలకు పోస్టులో పంపేవాణ్ణి. వాళ్లు వెళ్లినంత భద్రంగానే తిరిగొచ్చేవారు. నా తలరాత సంగతి దేవుడెరుగు, నాకు తల గీత కుదిరేది కాదు. మొదటి గడిలో రాజకుమారుడు రెండో గడిలో వాళ్లన్నలా, మూడో గడిలో వాళ్ల మేనమామలా ఉండేవాడు. ఒక సంపాదకుడు మంచిమనసుతో ఉత్తరం కూడా రాశాడు: "మీ కథలో ఇంతమంది మనుషులు అవసరమా?" ఆ కథలో ఉన్నది ఇద్దరే.

ఇలాంటి రోజుల్లో మునగాల దగ్గర పల్లెల్లో పనిచేసే నర్సమ్మ ఒకావిడ ఆసుపత్రి బోర్డు రాయించడానికి షాపుకు వచ్చింది. ఆమెది కోదాడకు అవతల ఏదో ఊరు. మాట మెత్తన, పట్టు గట్టిది. బల్ల మీద తిరిగొచ్చిన నా రాజకుమారుణ్ణి చూసి, "ఇవి మీరే వేశారా అండీ? గోడ మీద వేయగలరా?" అని అడిగింది.

"గోడ ఎంతుంటే అంత" అన్నాను, గోడ కొలత అడగకుండానే.

సంగతి ఏమిటంటే, ఆ ఎండాకాలం పల్లెల్లో పిల్లలకు విరేచనాలు బాగా పట్టుకున్నాయి. ఒంట్లో నీరంతా పోయి పిల్లలు వడలిపోతున్నారు. ఒక పొడి ప్యాకెట్టును లీటరు నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా తాగిస్తే ప్రాణం నిలుస్తుంది. ప్యాకెట్లు నర్సమ్మ సంచి నిండా ఉన్నాయి, తీసుకునేవాళ్లే లేరు. చదువు రానివాళ్లకు బొమ్మల్లో చెబుదామని ఆమె తన పై డాక్టరును ఒప్పించింది. హైవే పక్కన ఒక రైసు మిల్లు ప్రహరీ గోడ దొరికింది. పై డాక్టరు మాట కూడా ఖాయంగానే చెప్పాడు. గోడ పనికొస్తే అదే కథ పుస్తకంగా అచ్చేసి ఊరూరా పంచుతారు, బొమ్మలు నావే. పనికిరాకపోతే హైదరాబాదు నుంచి చేయి తిరిగిన ఆర్టిస్టును పిలుస్తారు. అప్పటికి నాకు ఊళ్లు తిరగడమే అయింది గానీ చేయి తిరగడం కాలేదు. నా పేరున ఒక బొమ్మల పుస్తకం! ఎనిమిది రోజులు నిద్రలో కూడా గడులు గీశాను.

గోడ మీద ఆరు గడులు. మొదటి దాంట్లో పిల్లవాడు పొట్ట పట్టుకుని కూర్చున్నాడు. తరువాత తల్లి నెత్తిన చేయి పెట్టుకుంది. ఆ తరువాత నర్సమ్మ ప్యాకెట్టు ఇస్తోంది. నాలుగులో నీళ్లు కలుపుతున్నారు, ఐదులో పిల్లవాడు తాగుతున్నాడు, ఆరులో వాడు సైకిల్ టైరు దొర్లించుకుంటూ పరుగు. ఒక్క అక్షరం లేదు. ఉస్తాద్ వచ్చి ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడిచి చూశాడు.

"అంత మంచిగనే ఉందిరా, గని పోరడు గడికో అంగీ తొడిగిండేంది? షావుకారి కొడుకా?"

"రంగులు కంటికి ఇంపుగా ఉంటాయని, ఉస్తాద్."

"ఊఁ" అన్నాడు. ఆయన 'ఊఁ'లో చాలా అక్షరాలుండేవి.

వారం తిరక్కుండా, ఒక సోమవారం నర్సమ్మ బస్సు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది. నేను గోడకు ఎదురుగా, రోడ్డుకు అవతలున్న టీ హోటల్లో కూర్చుని నా కళను నేనే చూసుకుంటూ చాయ తాగుతున్నాను. ఆమె సంచిలోంచి ప్యాకెట్లు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇవి చూడండి ఆర్టిస్టు గారూ. అటువైపు తండాలో నాలుగిళ్లవాళ్లు తిరిగిచ్చేశారు. నిన్నటిదాకా తీసుకోకపోవడమే. ఇవాళ తీసుకున్నవాళ్లు కూడా తిరిగిస్తున్నారు!"

"ఎందుకు?"

"ఇవి తాగిస్తే మంచిగా ఉన్న పిల్లలకు మోషన్లు పట్టుకుంటాయంట. ఎవరు చెప్పారంటే, మిల్లు గోడ మీద రాసుందంట!"

మందు నీళ్ల బొమ్మ వేసినవాణ్ణి, నేనే నీళ్లు నమిలాను. "అక్కడ రాతే లేదు గదండీ" అని మాత్రం అన్నాను.

టీ హోటల్ నడిపే అక్క పొయ్యి దగ్గర్నుంచే నవ్వింది. ఆమెకు నలభై అయిదేళ్లుంటాయి. ఒక్క అక్షరం చదవదు గానీ, ఆగకుండా పోయే లారీని చూసి కూడా డ్రైవరుకు ఆకలైందో లేదో చెప్పగలదు.

"తమ్మీ, నువ్వు ఈడ గూసుంటె ఏం దెలుస్తది? లే. ఆ కోదాడ కొసకు పో. ఆడికెల్లి గోడెంబడి నడుసుకుంట రా."

వెళ్లాను. మిల్లు గేటు సూర్యాపేట కొసన ఉంది. తండా ఆడవాళ్లు పొద్దున పనికి కోదాడ దిక్కు నుంచి గోడ పొడుగునా నడిచి గేటుకు వస్తారు. సాయంత్రం ఇంటికి పొలాల గట్ల మీదుగా పుల్లలేరుకుంటూ పోతారు, గోడ దిక్కు రారు. నేను కూడా వాళ్లలాగే నడిచాను. మొదట కనిపించింది టైరు దొర్లించే పిల్లవాడు. మహా హుషారుగా ఉన్నాడు. నాలుగడుగులు వేశాను. వాణ్ణి పట్టుకుని ఎవరో ఏదో తాగించారు. ఇంకో నాలుగడుగులు. ఆ తాగించిందేమిటో కలుపుతున్నారు. తరువాత నర్సమ్మ చేతిలో ప్యాకెట్టు. తల్లి నెత్తిన చేయి. ఆఖరున పిల్లవాడు పొట్ట పట్టుకుని కూర్చున్నాడు. కథ సమాప్తం.

నిజం చెబుతున్నాను, నేను గీసిన కథలన్నిటిలోకీ ఎవరికీ అనుమానం రాకుండా అర్థమైన మొదటి కథ అదే. కాకపోతే వెనక నుంచి.

తిరిగొచ్చేసరికి అక్క గ్లాసులు కడుగుతోంది. "సదువుకున్నోళ్లకు ఎడమ కెల్లి సురువు అయితది తమ్మీ. మాకు మేం వచ్చినకాడి నుంచే సురువు" అంది.

శనివారం పై డాక్టరు గోడ చూడడానికి వస్తాడు. మంగళవారం పొద్దున్నే నిచ్చెన ఎక్కి గడికీ గడికీ మధ్య ఎర్రటి బాణాలు వేశాను, కథ ఇటు నుంచి అటు పోతుందని తెలిసేలా. గొర్రెలు తోలుకుపోయే ఒక ముసలాయన ఆగి, కర్ర మీద గడ్డం ఆనించి చాలాసేపు చూశాడు.

"ఎవలు గొట్టిండ్రు బిడ్డా ఆ పోరన్ని బాణంతోని?"

"ఎవరూ కొట్టలేదు తాతా. అది దారి చూపించే బాణం."

"గట్లనా? మరి అందుకే పొట్ట పట్టుకున్నడు" అని గొర్రెలను తోలుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం టీ హోటల్‌కు నర్సమ్మ వచ్చింది, ఆమె వెనకే ఉస్తాద్ వచ్చాడు. అంతా విన్నాడు. తువ్వాల విప్పి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. ఆలోచన గట్టిగా సాగేటప్పుడు ఆయన అలా చేసేవాడు.

"ఇగో, ఎందుకు పరేషాన్ అయితవ్? డాక్టరు సాబు ఏ దిక్కు కెల్లి వస్తడు?"

"సూర్యాపేట నుంచే."

"ఆయనకు సీదా కనబడతది. బాగుందంటడు. నీకు బుక్కు వస్తది. ఖతం. ఆ బుక్కు ఎడమ కెల్లే తెరుస్తరు గద, అండ్ల ఈ పంచాయితీ ఉండదు."

ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ మాట నాకు చల్లగా తగిలింది. గోడ మీద పిల్లి అంటారు చూడండి, ఆ పూట నేనే అది. ఆరు గడులు, ఎనిమిది రోజుల పని, జీవితంలో ఒక్కసారి తలుపు తట్టిన అవకాశం. సున్నం కొడితే నా పని సున్నా. శనివారానికి మళ్లీ వేయలేకపోతే డాక్టరు ఖాళీ గోడ చూసి వెళ్తాడు. నర్సమ్మ వైపు చూశాను. నా కోసం మాట ఇచ్చింది ఆమె. గోడ ఖాళీగా ఉంటే ఆమె మాట కూడా ఖాళీ అవుతుంది. ఉస్తాద్ చెప్పినట్టే కానిద్దాం అంటుందనుకున్నాను.

ఆమె బల్ల మీది ప్యాకెట్లను ఒక్కొక్కటీ సంచిలో సర్దుకుంటూ అంది. "డాక్టరు గారు ఒక్క శనివారం వస్తారండీ. వాళ్లు రోజూ కోదాడ దిక్కు నుంచే వస్తారు. ఇవాళ ఆ తండాలో ఇంకో పిల్ల జబ్బున పడింది. తల్లి నా ఎదురుగానే ప్యాకెట్టు పారేసింది. వంటింట్లో ఒక బిందె నీళ్లున్నాయి, చేతిలో మందుంది. మధ్యలో మీ గోడ అడ్డం."

ఉస్తాద్ తువ్వాల ముట్టుకోలేదు.

"పిల్ల ఎట్లుంది?" అని అక్క అడిగింది.

"నేనే కూర్చుని తాగించాను. లేచింది. ప్రతి ఇంట్లో నేను కూర్చోగలనా?"

"సున్నం కొట్టేద్దాం" అన్నాను. గోడ వైపు చూడకుండా చాయ గ్లాసు అందుకున్నాను. గోడకు మాత్రం వినిపించి ఉంటుంది, చెవులుంటాయంటారు గదా. "కొట్టేద్దాం సరే, మళ్లీ ఏం గీయాలి? కుడి నుంచి గీస్తే సూర్యాపేట వాళ్లకు తిరగబడుతుంది. అంకెలు వేస్తే వాళ్లకు అంకెలు రావు. బాణాలు వేస్తే గాయాలవుతున్నాయి."

అక్క చాయ వడపోస్తూ అంది. "మా హోటల్‌కు రెండు దిక్కుల కెల్లి వస్తరు తమ్మీ. సూర్యాపేటోళ్లకు ఓ పొయ్యి, కోదాడోళ్లకు ఓ పొయ్యి పెట్టిన్నా నేను? పొయ్యి నడుమ ఉంటది. ఎవలు ఏ దిక్కు కెల్లి వచ్చినా ఆడికే వస్తరు."

చేతిలో చాయ గ్లాసు కింద పెట్టడం మరిచిపోయి అలాగే గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. రెండు కొసల్లో రెండు జబ్బులు. నడుమ ఒకటే మందు. సూర్యాపేట దిక్కు నుంచి ఒక బాబును తల్లి ఎత్తుకొస్తుంది. కోదాడ దిక్కు నుంచి ఒక పాపను తండ్రి ఎత్తుకొస్తాడు. గోడ నడుమ నర్సమ్మ, నీళ్లు, లేచి నిలబడ్డ ఇద్దరు పిల్లలు. ఏ కొస నుంచి నడిచినా కథ ముందుకే పోతుంది.

"గిదేదో మొదలే చెప్పొద్దా అక్కా!"

"మొదలు నువ్వు అడిగినవా? ఎనిమిది దినాలు నాకు ఈపు సూపెట్టి గోడకు రంగులేస్తివి."

బుధవారం సున్నం కొట్టాం. ఆరిన తరువాత చూస్తే పాత పిల్లవాడు సున్నంలోంచి టైరుతో సహా లీలగా కనిపిస్తున్నాడు. గురువారం పొద్దున ఇంకో పూత. వద్దన్న ఉస్తాదే అన్నిటికన్నా ముందు వచ్చాడు. పొడి రంగు పూసిన దారాన్ని గోడకు బిగబట్టి, వేలితో లాగి వదిలితే పది గజాల గీత ఒక్క దెబ్బకు పడేది. ఆ చేతి ముందు నా స్కేలు ఎందుకూ పనికిరాదు. గురు, శుక్రవారాల్లో ఒక్కో కొసన రెండేసి బొమ్మలు పూర్తయ్యాయి. ఈసారి బాబుకు రెండు గడుల్లోనూ ఒకటే ఎర్రంగీ, పాపకు ఒకటే పచ్చ గౌను. అక్క చెప్పింది: "మొకం ఎట్లన్న గీయి తమ్మీ, అంగీ మార్చకు. జాతరల తప్పిపోయిన పోరన్ని మేం అంగీ చూసే పోల్చుకుంటం." పత్రికల సంపాదకులు ఏళ్ల తరబడి చెప్పలేకపోయిన పాఠాన్ని ఆమె చాయ పోస్తూ చెప్పేసింది. ఆ తరువాత బొమ్మలు గీసినంతకాలం నా మనుషుల ముఖాలు మారుతూనే ఉన్నా, ఒక్క పాఠకుడికీ దొరకలేదు.

శనివారం పొద్దున్నకు నడుమ బొమ్మ మిగిలిపోయింది. రెండు కొసలూ సిద్ధం, మధ్యలో తెల్లటి గోడ. డాక్టరు మధ్యాహ్నం వస్తాడని కబురు. నర్సమ్మ గంజి పెట్టిన చీర కట్టుకుని గోడ దగ్గర నిలబడింది. పది గంటలకే సూర్యాపేట దిక్కు నుంచి జీపు కనిపించింది. నేను నిచ్చెన మీద, ఉస్తాద్ కింద, ఇద్దరి చేతుల్లో రంగు డబ్బాలు. నర్సమ్మ రెండు చేతులూ జోడించింది. జీపు కొంచెం నిదానించింది. ముందు సీట్లోంచి ఒక కళ్లద్దాల ముఖం గోడ వైపు తిరిగి, మా వైపు తిరిగి, మళ్లీ ముందుకు తిరిగింది. జీపు కోదాడ దిక్కు వెళ్లిపోయింది. దాని దుమ్ము మాత్రం మర్యాదగా మా దగ్గర ఆగింది.

"ఆగలేదు" అంది నర్సమ్మ, మాకు కళ్లు లేనట్టు.

నేను నిచ్చెన దిగి కూర్చున్నాను. పుస్తకం పోయింది. హైదరాబాదు ఆర్టిస్టు కళ్ల ముందు కనిపించాడు, మంచి చొక్కా వేసుకుని. "ఇగ ఎవరి కోసం గీయాలి ఉస్తాద్?"

ఆయన నా చేతిలో బ్రష్షు మళ్లీ పెట్టాడు. "సగం బోర్డు రాసి దిగినోన్ని నా షాపుల నిలవనియ్య. ఎక్కు."

ఎక్కాను. పన్నెండు గంటలకు మిల్లులో భోజనాల వేళ అయింది. ఆడవాళ్లు సద్ది గిన్నెలతో వచ్చి గోడ నీడన కూర్చుని తింటూ నా పని చూడడం మొదలుపెట్టారు. నడుమ బొమ్మలో ఒక పెద్ద గిన్నె గీశాను, పక్కన ప్యాకెట్టు. అప్పుడు ఆగిపోయాను. లీటరును ఎలా గీయాలి? తక్కువ నీళ్లలో కలిపితే చేటు, ఎక్కువైతే పనిచేయదు. నర్సమ్మ ఒకటికి పదిసార్లు చెప్పింది. గిన్నె బొమ్మకు కొలత ఉండదు.

వెనక్కి తిరిగి ఆ ఆడవాళ్లనే అడిగాను. ఈసారి వాళ్లకు వీపు చూపించే తప్పు చేయలేదు.

"గిలాసలతోని కొలువరాదు?" అంది ఒకామె. తండా నుంచి వచ్చే ఆమె. ప్యాకెట్టు పారేసిన తల్లి ఆమేనని నర్సమ్మ కళ్లతోనే చెప్పింది. రోడ్డుకు అవతల నుంచి అక్క తన స్టీలు గ్లాసులు బల్ల మీద వరసగా పెట్టింది. నర్సమ్మ లీటరు సీసాతో వెళ్లి ఒక్కొక్క గ్లాసులో పోస్తూ వచ్చింది. అయిదో గ్లాసు నిండేసరికి సీసా ఖాళీ. అందరూ ఏదో గెలిచినట్టు ఒకటే కేక. అయిదు గ్లాసులు గీశాను. ఒకామె తల్లి కొంగు అలా ఉండదని దిద్దించింది. ఇంకొకామె నర్సమ్మ ముక్కు ఇంకా పొడుగని చెప్పింది. నర్సమ్మ వద్దంది. మెజారిటీ మీద పొడుగు చేశాను. ప్యాకెట్టు పారేసిన ఆమె మాత్రం పచ్చ గౌను పాపను చూసి, "దీని చేతిల టైరు పెట్టు. ఆడపిల్లలు గూడ దొర్లిస్తరు" అంది. పెట్టాను.

నాలుగింటికి రంగు ఇంకా తడిగానే ఉంది. కోదాడ దిక్కు నుంచి జీపు వచ్చింది. ఆ కొస దగ్గర ఆగింది. కళ్లద్దాల మనిషి దిగి, గోడ పొడుగునా మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. అచ్చం తండా ఆడవాళ్లలాగే. పాప పొట్ట పట్టుకుంది. తండ్రి ఎత్తుకున్నాడు. డాక్టరు నడుమకు వచ్చి నిలబడ్డాడు.

"ఇక్కడున్నాడా!" అన్నాడు ఎర్రంగీ బాబును చూసి. తరువాత నా వైపు తిరిగాడు. "నువ్వేనా ఇది గీసింది? పొద్దున ఆ చివర ఒక పిల్లవాడు జబ్బుపడ్డాడు, తల్లి ఎత్తుకుంది, ఆ పైన గోడ తెల్లగా ఉంది. వాడేమయ్యాడో తెలియక కోదాడ మీటింగులో నాకు ఒక్క ముక్క బుర్రకెక్కలేదయ్యా. తిరుగు ప్రయాణంలో ఇక్కడ ఆపమని డ్రైవరుకు మూడుసార్లు చెప్పాను."

ఆయన అక్కడున్నవాళ్లలో ఒకరిని కథ చెప్పమన్నాడు. ప్యాకెట్టు పారేసిన ఆమెనే అందరూ ముందుకు తోశారు. ఆమె కోదాడ కొస నుంచి మొదలుపెట్టి గడగడా చెప్పింది.

"మరి నీళ్లు ఎన్ని కలపాలమ్మా?"

"అయిదు గిలాసలు."

"ఖచ్చితంగా అయిదేనా? నాలుగు పోస్తే?"

ఆమె డాక్టరును పైనుంచి కిందిదాకా చూసింది. "బొమ్మల ఉన్నయ్ గద సారూ, లెక్కపెట్టుకోరాదు?"

ముందు డాక్టరే నవ్వాడు. ఆ తరువాత ఎవరు ఎప్పుడు ఆపారో తెలియదు. ఉస్తాద్ ఎంత నవ్వాడంటే తువ్వాల జారి రంగు డబ్బాలో పడింది. ఆడవాళ్లు నర్సమ్మ సంచి ముందు వరస కట్టారు. ఆ రోజు తండాకు వెళ్లిన ప్యాకెట్లు ఒక్కటీ తిరిగి రాలేదు.

పుస్తకం నాకే ఇచ్చారు. పదహారు పేజీలు. మూడు నెలలు గీశాను. ఈగల మీద రెండు పేజీలు, చేతులు కడుక్కోవడం మీద మూడు, బావి నీళ్ల మీద ఇంకో మూడు. ప్రతి పేజీ ఒక కళాఖండమని నా నమ్మకం. మిర్యాలగూడలో ఒక ప్రెస్సుకు ఇచ్చేముందు, నమూనా ప్రతిని టీ హోటల్ అక్క చేతిలో పెట్టి ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఆమె చేతులు తుడుచుకుని పుస్తకం అందుకుంది. అట్ట వైపు చూడనే లేదు. పుస్తకం దానంతట అదే పిన్నుల దగ్గర, సరిగ్గా నడుమ విచ్చుకుంది. అక్కడ ఈగలున్నాయి.

"ఈగల గురించా తమ్మీ పుస్తకం?"

బస్సెక్కి షాపుకు వెళ్లి అంతా మళ్లీ పేర్చాను. గిన్నె, ప్యాకెట్టు, అయిదు గ్లాసులు, లేచి నిలబడ్డ పిల్లలు నడిమి రెండు పేజీల్లోకి వచ్చాయి. ఈగలు పక్కకు జరిగాయి.

దాని తరువాత నాకు పని కరువు రాలేదు. చదువు నేర్చుకునే పెద్దలకు, పొలాల్లో మందు కొట్టే రైతులకు, చివరికి పిల్లల పత్రికలకు కూడా గీశాను. నా రాజకుమారులు తిరిగి రావడం మానేశారు. ఆ కథలన్నీ వేరు.

కొన్నేళ్లకు వేరే పని మీద అనంతగిరి వైపు ఒక పల్లెకు వెళ్లాను. దాహమేసి ఒక ఇంటి ముందు ఆగితే, కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి మంచినీళ్లు తెచ్చింది. లోపల నీళ్ల బిందె పైన గోడకు నా పుస్తకం కనిపించింది. నడుమకు తెరిచి, మైదా పిండి జిగురుతో మొత్తానికి మొత్తం గోడకు అతికించేశారు. అయిదు గ్లాసుల మీద తడి వేళ్ల మచ్చలు, ఒక్కొక్క గ్లాసునూ ముట్టుకుని లెక్కపెట్టినట్టు. మిగతా పద్నాలుగు పేజీల నా కళాఖండాలు వాటి వెనక జిగురులో ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి.

"ఆ బొమ్మ ఎవరు పెట్టారమ్మా?"

"మా అత్తమ్మ పెట్టింది. మా ఆడబిడ్డ కొడుక్కు గట్లనే కలిపి తాగిచ్చిన పోయిన నెల. మంచిగైండు."

ఆగలేకపోయాను. "మరి మిగతా పేజీలు ఎవరన్నా చూశారా?"

ఆ అమ్మాయి గోడ వైపు తిరిగి, కాగితం కొసను గోటితో కొద్దిగా లేపి చూడబోయి, చిరుగుతుందేమోనని ఆగిపోయింది.

"ఎనక గూడ ఉన్నయా?"

"లేవమ్మా" అన్నాను. "గంతే ఉంది."